గోడ మీద పదకొండు గ్లౌజులు

కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా లాబ్‌లో అందరూ అంటారు. ఉంటే ఉండనీ. ఇరవై ఆరేళ్ళుగా ఈ లాబ్ పరువు నిలబెట్టింది కూడా ఆ ముక్కే. ఎలుకల్ని పెంచే ప్లాస్టిక్ బుడగలోంచి తీసిన పెంటికల సీసా మూత తిప్పి ఒక్కసారి వాసన చూశానంటే, లోపల సూక్ష్మజీవి దూరిందో లేదో చెప్పేస్తాను. ఏ క్రిమీ లేని ఎలుక పెంటికలు కంపు కొట్టవు. తడిసిన అట్టముక్క వాసన వస్తుంది, అంతే. కొత్తగా చేరినవాళ్ళు నన్ను చూసి మొహం తిప్పుకుంటారు. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్ళే సీసా పట్టుకుని నా బల్ల దగ్గరికి వస్తారు, "డార్లీన్, కాస్త ఇది చూసిపెట్టరూ" అంటూ.

నా పేరు డార్లీన్ కొవల్చుక్. విన్నిపెగ్‌లోనే పుట్టాను, ఇక్కడే ముసలిదాన్నవుతున్నాను. డాక్టరేటూ గీక్టరేటూ ఏమీ లేవు. అవి ఉన్నవాళ్ళూ, వాటి కోసం వచ్చినవాళ్ళూ కలిపి మా లాబ్‌లో పద్నాలుగు మంది. పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులు ఒంట్లోని కాపలా కణాలకు ఏం నేర్పుతాయో, ఎప్పుడు రెచ్చగొడతాయో, ఎప్పుడు జోకొడతాయో కనిపెట్టడం వాళ్ళ పని. అది కనిపెట్టాలంటే ముందు అసలు ఏ సూక్ష్మజీవీ లేని ఎలుక కావాలి. ఆ ఎలుకను ఇవ్వడం నా పని. నేనివ్వకపోతే పద్నాలుగు మందీ కాఫీ తాగుతూ కూర్చోవాలి.

కింది అంతస్తులో నాకు నాలుగు బుడగలున్నాయి. ఒక్కొక్కటి పెద్ద మంచమంత ప్లాస్టిక్ గుడారం. లోపలికి పోయే గాలి వడపోసిందే, నీళ్ళు మరిగించినవే, మేత ఆవిరి యంత్రంలో ఉడికించిందే. బుడగకు బిగించిన, భుజం దాకా వచ్చే నల్ల రబ్బరు గ్లౌజుల్లోకి బయటి నుంచి చేతులు దూర్చి లోపలి ఎలుకల్ని పట్టుకోవాలి. గ్లౌజుకు గుండుసూది మొనంత చిల్లు పడిందా, నెలల తరబడి చేసిన పనంతా నీళ్ళపాలే.

అలా బుడగ పోయినప్పుడు మా దగ్గర ఒక ఆచారముంది. పెట్టింది నేనే. ఎలుకల్ని గ్యాసుతో శాశ్వతంగా నిద్రపుచ్చి బుడగ మూసేశాక, దాని కుడి గ్లౌజు కత్తెరతో కోసి, ఎవరి చేతుల్లో పోయిందో వాళ్ళ పేరూ తేదీ తెల్లరంగుతో రాసి, బయట వరండా గోడకు మేకు కొట్టి వేలాడదీస్తాను. మొత్తం పదకొండు ఉన్నాయి. మొట్టమొదటిది మా బాస్ డాక్టర్ ఓవెన్ ప్రిచర్డ్‌ది. లాబ్ పెట్టిన కొత్తలో చేతి గడియారం తీయకుండా గ్లౌజులోకి చెయ్యి దూర్చిన ఘనుడు. నా పేరుతో మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. ఈ సంగతి అడిగినవాళ్ళకీ చెప్పేదాన్ని, అడగనివాళ్ళకీ చెప్పేదాన్ని.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఈ జనవరిలో పన్నెండో మేకు కొట్టాల్సి వచ్చింది.

ఆ మేకు ఎల్లిన్ థోర్లాక్సన్ కోసం. గిమ్లీలో చేపలు పట్టే ఇంటి పిల్ల. మా దగ్గర ఐదో ఏడు. నాలుగో బుడగలోని ఎలుకలకు ఒకే ఒక్క బాక్టీరియాను పట్టించింది. మందు పెట్టి పేగు వాపు తెప్పిస్తే ఆ ఎలుకలు వారంలో తేరుకున్నాయి. ఏ బాక్టీరియా లేని మూడో బుడగ ఎలుకలు తేరుకోలేదు. రెండుసార్లు అలాగే వచ్చింది. ఇది మూడోసారి, ఆఖరుసారి. మార్చిలో థీసిస్ కమిటీ ముందు నిలబడితే డాక్టర్ ఎల్లిన్ అయిపోతుంది. ఆగస్టుతో యూనివర్సిటీ ఇచ్చిన గడువు ముగుస్తుంది. మూడో బుడగ పోతే మళ్ళీ మొదటి నుంచి చెయ్యడానికి తొమ్మిది నెలలు. అంటే ఐదేళ్ళ చదువు పట్టా లేకుండానే ముగిసినట్టు.

గురువారం పొద్దున మూడో అంతస్తు నుంచి లాయిడ్ బుషే రిపోర్టు పంపాడు. పెంటికల్లో ఏయే క్రిముల డీఎన్ఏ ఉందో చదివే యంత్రం అతని దగ్గరుంది. పరీక్షకు చాలా ఖర్చవుతుంది కనుక, థీసిస్‌కు ముందు ఒక్కసారి, అదీ ఏ క్రిమీ ఉండకూడని బుడగకు మాత్రమే చేయిస్తాం. మూడో బుడగ పెంటికల్లో పాలను తోడు పెట్టే బాక్టీరియా కనిపించింది. చీజ్ చేసేవాళ్ళు వాడే రకం.

ఓవెన్ మమ్మల్నిద్దరినీ తన గదిలోకి పిలిచాడు. ఎల్లిన్ మొహంలో రక్తం లేదు.

"బుడగ పోయింది. సోమవారం మూసేద్దాం, డార్లీన్," అన్నాడు ఓవెన్.

అంత త్వరగా ఎందుకంటే, మురికి పట్టిన బుడగను నాలుగు రోజులకు మించి ఉంచకూడదు. పక్క బుడగలకు అంటుకుంటుంది. ఈ నియమం గోడ మీద నా చేతిరాతతోనే ఉంది.

నేను ఎల్లిన్ వైపు తిరిగాను. "చివరిసారి బుడగలో చేతులు పెట్టిన రోజు మధ్యాహ్నం ఏం తిన్నావు?"

"పూటీన్."

"ఆ ఆలుగడ్డ వేపుడు నిండా చీజే కదా."

"చేతులు కడుక్కున్నా డార్లీన్. మోచేతుల దాకా. లోపల ఇంకో జత గ్లౌజులు కూడా వేసుకున్నా."

"కడుక్కున్నామనే అందరూ అంటారు. ఆ గోడ మీదున్న పదకొండు మందీ అదే అన్నారు."

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా కళ్ళలోకి చూస్తూ, "మీరు నేర్పినట్టే చేశా. ఒక్క మెట్టు కూడా దాటెయ్యలేదు. అది తప్పయితే నేర్పినవాళ్ళదీ తప్పే," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఆరేళ్ళలో నాతో ఎవరూ అలా మాట్లాడలేదు. ఆ మండిన ఒంటితోనే శుక్రవారం సుత్తి తీసుకుని, ఎల్లిన్ చూస్తుండగానే గోడకు పన్నెండో మేకు కొట్టాను. ఆ పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శనివారం బయట మైనస్ ముప్పై రెండు. గడ్డకట్టకుండా కారు ఇంజనుకు కరెంటు ప్లగ్గు పెట్టి లోపలికి వచ్చాను. శనివారాలు నేను రావాల్సిన పనిలేదు. మూసేసే బుడగ కాగితాలు రాయాలని వచ్చానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ పిల్ల మాట లోపల గుచ్చుతోంది.

ప్రతివారం పెంటికల్ని మూడు రకాల పోషక ద్రవాల్లో వేసి వెచ్చగా ఉంచుతాం. క్రిమి ఉంటే ద్రవం కలకబారుతుంది. మూడో బుడగ గొట్టాలు తీసి దీపానికి అడ్డంగా పట్టుకున్నాను. ఏడు రోజులైనా మూడూ తేటగానే ఉన్నాయి. ఇంతకుముందు ఎనిమిది వారాల గొట్టాలూ తేటగానే ఉన్నట్టు పుస్తకంలో నా రాతే ఉంది. తాజా పెంటికల సీసా మూత తీసి వాసన చూశాను. తడి అట్టముక్క. మళ్ళీ చూశాను. అట్టముక్కే.

పాలను తోడుపెట్టే రకం మొండిది. మా పోషక ద్రవంలో రాత్రికి రాత్రే పెరుగుతుంది. బతికుంటే పెరగకుండా ఉండదు. మరి యంత్రానికి ఎక్కడ కనిపించింది?

అలా ఆలోచిస్తూనే చేతుల పని చేసుకుపోయాను. సోమవారం ఆవిరి యంత్రంలో పెట్టాల్సిన మేతను స్టీలు డబ్బాలో నింపాలి. బస్తా మూతి విప్పి, కొలత కోసం బస్తా మీది చీటీ చదివాను. గోధుమ, మొక్కజొన్న ఉండాల్సిన చోట మొదటి పేరు పాల మాంసకృత్తులు.

అక్కడే బస్తా మీద కూర్చుండిపోయాను.

అక్టోబరులో మామూలు గింజల మేత రావడం ఆలస్యమైంది. ఎలుకలు పస్తులుండవు కదా, దొరికిన ఇంకో రకం తెప్పించాను. తెప్పించింది నేనే, ఉడికించింది నేనే, నాలుగు బుడగల్లోకీ పంపింది నేనే. పాలల్లోంచి మాంసకృత్తులు తీసేటప్పుడు ఆ తోడు బాక్టీరియా వాడతారు. ఆవిరి యంత్రం దాన్ని చంపుతుంది. కానీ చచ్చిన క్రిమి డీఎన్ఏ మేతలోనే ఉండిపోతుంది. ఎలుక తింటుంది, పెంటికలో వదులుతుంది. ఇంకే క్రిమీ లేని పెంటికలో యంత్రానికి అదొక్కటే కనిపిస్తుంది. లాయిడ్ యంత్రానికి చచ్చినదీ బతికున్నదీ ఒకటే.

బుడగ తలుపుకు ఒక చీటీ ఉంటుంది. లోపలికి పోయిన ప్రతి వస్తువూ దానిమీద రాయాలి. కొత్తవాళ్ళకు నేను మొదటి రోజు నేర్పే నియమం అది. మూడో బుడగ చీటీ తీసి చూశాను. ఎల్లిన్ చేతిరాత వరుసగా ఉంది, నీళ్ళు, పరుపు పొట్టు, పెన్సిలు కూడా రాసింది. అక్టోబరులో మేత మారిన సంగతి ఎక్కడా లేదు. అది రాయాల్సింది నేను. మేతే కదా, నేనే కదా అనుకుని ఉంటాను.

ఇంటికెళ్ళి ఫ్రిజ్‌లో ఉన్న, ఆలుగడ్డ కూరి కజ్జికాయల్లా చుట్టిన పెరోగీలు ముప్పై డబ్బాలో సర్దుకుని మళ్ళీ వచ్చాను. లాయిడ్ తన యంత్రం నడుస్తుంటే శనివారం కూడా ఇంటికి పోడు.

"ఏంటి, లంచమా?" అన్నాడు డబ్బా మూత తీస్తూ.

"లంచమే. మూడు సీసాలు. మీద ఏ, బీ, సీ అని తప్ప ఏం రాయలేదు. ఏది ఏంటో నన్నడక్కు."

"వరసలో నీ ముందు పన్నెండు మంది ఉన్నారు డార్లీన్."

"వాళ్ళెవరైనా పెరోగీలు తెచ్చారా?"

లాయిడ్ ఒకటి నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు. "మంగళవారం మధ్యాహ్నం. అంతకన్నా ముందు కాదు. ఈసారి ఉల్లిపాయ ఇంకాస్త వేయించు."

ఒక సీసాలో ఏ బుడగలోకీ వెళ్ళని మేత, ఆవిరి యంత్రంలోంచి నేరుగా తీసింది. ఇంకోదాంట్లో మూడో బుడగ పెంటికలు. మూడోదాంట్లో మొదటి బుడగ పెంటికలు. మొదటి బుడగలో నేను తప్ప ఎవరూ చేతులు పెట్టరు. ఎల్లిన్ ఆ గ్లౌజుల్ని తాకి కూడా ఎరగదు.

సోమవారం ఎనిమిదింటికి ఓవెన్ గ్యాసు సిలిండరు బండి తోసుకుంటూ కిందికి వచ్చాడు. వెనకాల ఎల్లిన్. తన ఎలుకల్ని తనే నిద్రపుచ్చుతానందట. నేను మూడో బుడగ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"లే, డార్లీన్."

"లేవను. రేపు మధ్యాహ్నం దాకా ఈ బుడగ జోలికి ఎవరూ రావద్దు."

"నాలుగు రోజుల నియమం నువ్వు రాసిందే."

"నేను రాసిందే, నేనే దాటుతున్నా. ఈ బుడగ శుభ్రంగా ఉంది ఓవెన్. గొట్టాల్లో ఏమీ పెరగలేదు."

"గొట్టంలో పెరగనంత మాత్రాన లేనట్టు కాదు. ఈ మాట ఇరవయ్యేళ్ళుగా క్లాసులో చెప్తున్నా. రిపోర్టు ఉంది. కమిటీ అడిగేది రిపోర్టు. నీ ముక్కును థీసిస్‌లో రాయలేం కదా."

"రాయొద్దు. ఇది రాయించు," అని బస్తా మీంచి చింపి తెచ్చిన చీటీ అతని చేతిలో పెట్టాను. "అక్టోబరు నుంచి వీటికి పాల మేత పెడుతున్నా. తలుపు చీటీ మీద రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. యంత్రానికి కనపడింది ఎలుకలోది కాదు, మేతలోది. చచ్చింది."

ఓవెన్ చీటీ రెండుసార్లు చదివాడు. ఎల్లిన్ చదవలేదు. నన్నే చూస్తోంది.

"నువ్వు రాయలేదా?" అన్నాడు ఓవెన్. నమ్మలేకపోతున్నాడు.

"రాయలేదు."

"మేతలో ఉంటే మిగతా బుడగల్లో కూడా కనపడాలి కదా."

"మొదటి బుడగది కూడా లాయిడ్‌కి ఇచ్చా. అందులో కనపడకపోతే రేపు నేనే గ్యాసు తిప్పుతా. నువ్వు బండి తోసుకురానక్కర్లేదు."

అతను బండిని వెనక్కి తిప్పి, "రేపు రెండింటి దాకా," అని వెళ్ళిపోయాడు.

ఎల్లిన్ నా పక్కన నేల మీద కూర్చుంది. బుడగలో ఒక ఎలుక చక్రమెక్కి ఆపకుండా పరిగెడుతోంది.

"మీరు తప్పు చెయ్యగా నేనెప్పుడూ చూళ్ళేదు," అంది.

"నేనూ చూళ్ళేదు. నీమీద మేకు కొట్టినందుకు సారీ."

"మేకు నామీద కొట్టలేదు, గోడకి కొట్టారు. శబ్దం మాత్రం నాకు బాగానే వినిపించింది."

మంగళవారం ఒకటిన్నరకు లాయిడ్ తనే కిందికి దిగివచ్చాడు. అతను మెట్లు దిగడం నేను పదేళ్ళలో చూడలేదు. కాగితం బల్ల మీద పరిచాడు. మూడు సీసాల్లోనూ అదే పాల క్రిమి. మేతలో ఉన్నది బోలెడు, పెంటికల్లో ఉన్నది కొంచెం. మొదటి బుడగలోనూ మూడో బుడగలోనూ సరిగ్గా ఒకే పాళ్ళలో ఉంది. ఓవెన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బుడగల్లోకి పాత గింజల మేత పంపమనీ, వారం తర్వాత మళ్ళీ పరీక్ష చేయించమనీ అన్నాడు. వారం తర్వాత ఆ పేరు మాయమైంది. ఎలుకలు ఇరవై రెండూ బతికే ఉన్నాయి. ఎల్లిన్ మార్చిలో కమిటీ ముందు నిలబడింది. మేత గురించి వాళ్ళు అడగకముందే ఒక పేజీ మొత్తం తనే చెప్పింది. ఇప్పుడు ఆమె డాక్టర్ ఎల్లిన్.

కథ ఇక్కడితో అయిపోతే నాకు హాయిగా ఉండేది. కానీ ఆ మంగళవారమే, లాయిడ్ వెళ్ళిపోయాక, పన్నెండో మేకు పీకేద్దామని వరండాలోకి వెళ్ళాను. పక్కనే పదకొండో గ్లౌజు ఉంది. కాన్రాడ్ టేవ్స్, నాలుగేళ్ళ కిందటి ఏప్రిల్ తేదీ. మెత్తగా మాట్లాడే మనిషి, స్టైన్‌బాక్ ఊరివాడు. సుత్తి చేతిలోనే ఉండిపోయింది. కాన్రాడ్ బుడగలో కనపడింది కూడా పాల క్రిమే. అతని గొట్టాలు కూడా తేటగానే ఉన్నాయి. "గొట్టంలో పెరగనంత మాత్రాన లేనట్టు కాదు" అని ఓవెన్ అంటే అప్పుడు తలూపింది నేను. పందొమ్మిది ఎలుకలకు గ్యాసు తిప్పింది నేను. గ్లౌజు కోసి, కాన్రాడ్ చూస్తుండగా తెల్లరంగుతో అతని పేరు రాసింది నేను. ఆ జూన్‌లో అతను చదువు మానేసి వెళ్ళిపోయాడు.

నా గదికి పోయి పాత ఆర్డర్ల పుస్తకం తీశాను. ఆ ఏడాది ఫిబ్రవరిలో మంచు తుఫాను. గింజల మేత రాలేదు. పాల మేత, ఎనిమిది బస్తాలు. కింద నా సంతకం.

ఇరవై ఆరేళ్ళలో నా చేతుల్లో ఒక్క బుడగ పోలేదని ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు. ఈ నాలుగేళ్ళూ అలా చెప్పుకున్న ప్రతిసారీ గోడ మీద కాన్రాడ్ పేరు వేలాడుతూనే ఉంది.

కాన్రాడ్ ఇప్పుడు బ్రాండన్‌లో బడిపిల్లలకు సైన్సు చెప్తున్నాడు. మర్నాడు భోజనాల వేళకు ఫోన్ చేశాను. వెనకాల పిల్లల గోల వినిపిస్తోంది. డొంకతిరుగుడు లేకుండా, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. మేత, చీటీ, ఎల్లిన్, ఆర్డర్ల పుస్తకం.

"నా చేతులు శుభ్రంగా ఉన్నాయని ఆరోజే మీకు చెప్పాను," అన్నాడు చివరికి.

"చెప్పావు. నేను వినలేదు."

"రెండేళ్ళు నమ్మాను డార్లీన్, తప్పు నాదే అని. తర్వాత మర్చిపోయాననుకున్నా."

ఆర్డర్ల పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"ఇప్పుడు మీకు థాంక్స్ చెప్పాలో, తిట్టాలో తెలీట్లేదు," అన్నాడు.

"రెండూ చెయ్యి. ముందు తిట్టు."

అతను చిన్నగా నవ్వాడు. "బెల్లు కొడుతున్నారు. క్లాసుంది. సాయంత్రం తిడతా. ఆ గ్లౌజు నాకు పంపండి. ఆ గోడ మీద నాకిష్టం లేదు."

సాయంత్రం నిజంగానే ఫోన్ చేశాడు. నలభై నిమిషాలు తిట్టాడు. అంత మెత్తటి మనిషికి అన్ని మాటలు వచ్చని నాకు తెలీదు. ఒక్కటి కూడా అబద్ధం కాదు కనుక అన్నీ విన్నాను.

గ్లౌజును మెత్తటి కాగితంలో చుట్టి పోస్టులో పంపించాను. ఆ మేకును ఖాళీగానే ఉంచాను. పన్నెండో మేకు మాత్రం పీకలేదు. స్టోర్లోంచి ఒక కొత్త గ్లౌజు తెచ్చి, తెల్లరంగు డబ్బా విప్పి, నా పేరూ ఆ నాలుగేళ్ళ కిందటి తేదీ రాస్తుంటే ఓవెన్ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఇదేం పని? నీ వల్ల ఏ బుడగా పోలేదు కదా. ఎల్లిన్‌ది నువ్వే కాపాడావు."

"పోయింది. తేదీ చూడు."

అతను తేదీ చూశాడు. పక్కనున్న ఖాళీ మేకు చూశాడు. నేను ఎత్తు చాలక ఇబ్బంది పడుతుంటే గ్లౌజు అందుకుని తనే తగిలించాడు.

మూడో బుడగ ఇప్పటికీ శుభ్రంగానే ఉంది. నా ముక్కు మునుపటిలాగే పనిచేస్తోంది, కోపం కూడా దానిమీదే ఉంది. చీటీల మీద మాత్రం మేత బస్తా నంబరుతో సహా రాస్తున్నాను. గోడ మీద గ్లౌజులు పదకొండే. కొత్తగా చేరినవాళ్ళను మొదటి రోజు అక్కడికి తీసుకెళ్ళేది ఇప్పటికీ నేనే. అందరికంటే ముందు నాది చూపిస్తాను.